ఆ కిక్కు ఎవరు కొట్టాలి?

2025 ఫిబ్రవరి 21, శుక్రవారం పొద్దున ఎడిన్‌బరో వేవర్లీ స్టేషన్‌లో లండన్ రైలు కోసం నిలబడ్డవాళ్లలో చాలామంది ముదురు నీలం జెర్సీల్లో ఉన్నారు. మర్నాడు సాయంత్రం 4:45కి ట్వికెన్‌హామ్‌లో ఇంగ్లండ్, స్కాట్లండ్ రగ్బీ జట్ల ఆట. ఆరు దేశాలు ఏటా ఆడే సిక్స్ నేషన్స్ పోటీలో స్కాట్లండ్ అభిమానులు అన్నిటికన్నా ఎక్కువగా ఎదురుచూసే ఆట ఇది. ఎడిన్‌బరోలో చదువుకుంటున్న మా మేనల్లుడు రెండు టికెట్లు సంపాదించాడు. "మావయ్యా, ఆట ఎలాగూ చూస్తాం. ముందు ఈ రైల్లో కూర్చుని వీళ్ల మాటలు వినాలి," అన్నాడు. అతను చెప్పింది నిజం. నాలుగున్నర గంటల ఆ ప్రయాణంలో రగ్బీ గురించి నేను నేర్చుకున్నంత ఏ పుస్తకంలోనూ నేర్చుకోలేదు.

మా ఎదుటి సీట్లలో గాలాషీల్స్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన, ఆయన కూతురు కూర్చున్నారు. ఆమె బడిలో పాఠాలు చెప్తుంది. నడవకి అవతల గ్లాస్గో యువకుడొకడు. రైలు కదిలి పది నిమిషాలు కాకముందే ముగ్గురూ మాటల్లో పడ్డారు. గెలుస్తామా ఓడతామా అన్నది కాదు వాళ్ల మొదటి ప్రశ్న. గోల్ కిక్కులు ఎవరు కొట్టాలి అన్నది.

రగ్బీ తెలియని పాఠకుల కోసం లెక్క చెప్పాలి. ప్రత్యర్థి గీత దాటి బంతిని నేలకి తాకిస్తే ట్రై, దానికి 5 పాయింట్లు. ట్రై చేసిన జట్టుకి ఆ వెంటనే గోల్ మీదికి ఒక కిక్కు దొరుకుతుంది. అది కన్వర్షన్, గోలైతే మరో 2. అవతలివాళ్లు తప్పు చేస్తే వచ్చే పెనాల్టీ కిక్కు గోలైతే 3. రెండు నిలువు పోస్టుల మధ్య దూరం 5.6 మీటర్లు, అడ్డకర్ర ఎత్తు 3 మీటర్లు. బంతి ఆ కర్ర పైనుంచి, పోస్టుల నడుమ నుంచి పోవాలి. కన్వర్షన్ మన ఇష్టమొచ్చిన చోటు నుంచి కొట్టడానికి లేదు. ట్రై ఎక్కడ తాకించారో సరిగ్గా ఆ వరుసలోనే వెనక్కి వచ్చి కొట్టాలి. పోస్టుల కింద ట్రై చేస్తే కిక్కు తేలిక. మైదానం అంచున చేస్తే, సగం తెరిచిన తలుపులోకి పక్కనుంచి చూసినట్టు, ఆ 5.6 మీటర్ల సందు కళ్లముందే చిక్కిపోతుంది. కిక్కర్ అడుగు కదపగానే ప్రత్యర్థులు అతని మీదికి పరుగెత్తొచ్చు. కన్వర్షన్ కొట్టడానికి అంతకుముందు 90 సెకన్లుండే గడువు ఆ ఏడాది సిక్స్ నేషన్స్‌లో 60కి తగ్గింది. పదిహేను మంది ఒకరినొకరు మోసుకుంటూ ఆడే ఆటలో ఒక మనిషి ఒంటరిగా నిలబడే నిమిషం అదొక్కటే.

ఆ మనిషి ఎవరు కావాలి? స్కాట్లండ్ జట్టులో ఆ బాధ్యత ఫిన్ రస్సెల్‌ది. పదో నంబరు చొక్కా, ఆట నడిపించే బుర్ర అతనే. కెప్టెన్ సియోనె టుయ్‌పులోటు గాయంతో పోటీకే దూరం కావడంతో రోరీ డార్జ్‌తో పాటు కెప్టెన్సీ కూడా అతని మీదే పడింది. పన్నెండు రోజుల కింద ఐర్లండ్‌తో ఆడినప్పుడు రస్సెల్ సొంత జట్టు ఆటగాడు డార్సీ గ్రాహమ్ తలకి తల తగిలి మైదానం వదిలిపోయాడు. ఆ ఆట స్కాట్లండ్ 18-32తో ఓడింది. వైద్య పరీక్షలన్నీ దాటి ఇప్పుడు ట్వికెన్‌హామ్‌కి తిరిగొస్తున్నాడు.

గ్లాస్గో యువకుడి వాదన సూటిగా ఉంది. "ఆట నడపాలి, కెప్టెన్సీ చూడాలి, పైగా తల దెబ్బ నుంచి ఇప్పుడే లేచాడు. కిక్కులైనా బ్లెయిర్ కింగ్‌హార్న్‌కి ఇవ్వొచ్చు కదా? అతని కాలికి దూరం ఎక్కువ." టీచరమ్మ ఒప్పుకోలేదు. "కిక్కు కాలితో కొట్టేది కాదు, అలవాటుతో కొట్టేది. వారమంతా ఎవరు సాధన చేశారో వాళ్లే కొట్టాలి. ఆట ముందురోజు చేతులు మారిస్తే ఇద్దరూ చెడతారు," అంది. పెద్దాయన కిటికీలోంచి సముద్రం కేసి చూస్తూ ఊరుకున్నాడు.

రైలుకి ఎడమ పక్క ఉత్తర సముద్రం. ముందు బాస్ రాక్ దీవి తెల్లగా కనిపించి వెనక్కిపోయింది. డన్‌బార్ దాటాక పట్టాలు కొండ అంచుకి, నీళ్లకి దగ్గరగా నడిచాయి. బెరిక్ దగ్గర ట్వీడ్ నది మీద 28 కమానుల రాయల్ బోర్డర్ వంతెన వచ్చింది. 1850లో విక్టోరియా రాణి ప్రారంభించిన ఈ వంతెనకి రూపకర్త రాబర్ట్ స్టీఫెన్‌సన్. పేరు సరిహద్దు వంతెన అయినా అసలు సరిహద్దు దానికి కొంచెం ఉత్తరానే దాటిపోయింది. బెరిక్ ఇంగ్లండ్‌లో ఉంది గానీ ఆ ఊరి రగ్బీ క్లబ్బు ఆడేది స్కాట్లండ్ లీగులో. గీతలు గీసినవాళ్లు వేరు, ఆడేవాళ్లు వేరు.

ఈ ట్వీడ్ నది ఎగువనే పెద్దాయన ఊరు గాలాషీల్స్. దాని పక్కనే మెల్‌రోజ్. ఏడుగురితో ఆడే సెవెన్స్ రగ్బీ 1883లో అక్కడే పుట్టింది. క్లబ్బుకి డబ్బులు కావాలని నెడ్ హేగ్ అనే మాంసం దుకాణం మనిషి వేసిన ఎత్తు, ఇప్పుడు ఒలింపిక్స్ దాకా పోయింది. గాలాషీల్స్, హోయిక్, జెడ్‌బర్గ్, కెల్సో అన్నీ చిన్న ఊళ్లు. చాలావాటిలో ఒకప్పుడు ఉన్ని మిల్లులు నడిచాయి. స్కాట్లండ్ జట్టుకి తరాల తరబడి ఆటగాళ్లని ఇచ్చిన ఊళ్లివి.

నది కనబడగానే పెద్దాయన గొంతు విప్పాడు. "మన కిక్కర్ సంగతి సరే. వాళ్ల కిక్కర్ ఎవరో తెలుసా? మా ఊరి మనిషి మనవడు," అన్నాడు. ఆయన చెప్పింది ఇంగ్లండ్ పదో నంబరు ఫిన్ స్మిత్ గురించి. అతని తాత టామ్ ఇలియట్ గాలా క్లబ్బు ఆటగాడు. స్కాట్లండ్‌కి ఆడాడు, 1955లో బ్రిటిష్ లయన్స్‌తో దక్షిణాఫ్రికా వెళ్లాడు. ఆయన మనవడు ఇంగ్లండ్‌లో పుట్టి పెరిగి తెల్ల చొక్కా తొడిగాడు. రెండు వారాల కింద ఇదే ట్వికెన్‌హామ్‌లో ఫ్రాన్స్‌తో ఆట చివర్లో ఎలియట్ డేలీ ట్రై చేస్తే, ఈ ఫిన్ స్మిత్ కన్వర్షన్ కొట్టి 26-25తో ఇంగ్లండ్‌ని గెలిపించాడు. పెద్దాయన మాటల్లో ఈ పిల్లవాడి మీద కోపం లేదు. మన కొమ్మకి కాసిన కాయ పొరుగు పెరట్లో పడిందే అన్న బాధ ఉంది, ఆ కాయ బాగా పండిందన్న సంతోషమూ ఉంది.

ఇంగ్లండ్ వైపు కూడా చిక్కుముడి ఒకటుంది. ఫిన్ స్మిత్ పదో నంబరులో, అప్పటిదాకా ఆ చోట ఆడుతున్న మార్కస్ స్మిత్ వెనక ఫుల్‌బ్యాక్‌గా. ఇద్దరూ కిక్కర్లే. ఎవరు కొడతారు, ఎవరు తప్పిస్తారు అని మా రైలు మిత్రులు ఇంగ్లండ్ జట్టునీ విప్పి చూశారు. ప్రత్యర్థి బలం ఇంత శ్రద్ధగా తూచడం నాకు నచ్చింది.

న్యూకాసిల్ దాటాం. డర్హమ్ కొండ మీద పెద్ద చర్చి కిటికీలో నిండుగా కనిపించింది. అప్పటికి మాటలు చరిత్రలోకి దిగాయి. స్కాట్లండ్ వాళ్లకి కిక్కర్ల చర్చ అంటే ఇవాళ్టి జట్టు ఒక్కటే కాదు, ఏళ్ల వెనక తగిలిన కిక్కులు, తప్పిన కిక్కులు అన్నీ పేరు పేరునా వస్తాయి.

1971 ఒక్కటి చాలు. ఆ ఏడు ఫిబ్రవరిలో ఎడిన్‌బరోలోని మర్రేఫీల్డ్ మైదానంలో వేల్స్ మీద స్కాట్లండ్ 18-14 ఆధిక్యంలో ఉంది. ఆట చివర్లో వేల్స్ ట్రై చేసింది. అప్పట్లో ట్రైకి 3 పాయింట్లే. మైదానం అంచు దగ్గర నుంచి జాన్ టేలర్ ఎడమ కాలితో కొట్టిన కన్వర్షన్ పోస్టుల మధ్య పడింది. 18-19. స్కాట్లండ్ ఓడింది. మరుసటి నెల ట్వికెన్‌హామ్‌లో కథ తిరగబడింది. చివరి నిమిషాల్లో క్రిస్ రే ట్రై చేశాడు. కెప్టెన్ పీటర్ బ్రౌన్ కన్వర్షన్ కొట్టాడు. స్కాట్లండ్ 16, ఇంగ్లండ్ 15. అక్కడ స్కాట్లండ్ గెలవడం 1938 తర్వాత అదే మొదలు. పెద్దాయన ఆ కిక్కుని చేతులతో చూపించాడు. "బంతిని నిలబెట్టి, దానికి వీపు తిప్పి, ఊరికే నడిచిపోయేవాడు. ఆపైన ఒక్కసారి తిరిగి వచ్చి కొట్టేవాడు. ఏ కోచ్ నేర్పే పద్ధతీ కాదది. కానీ పడింది," అన్నాడు.

టీచరమ్మ పాత స్కాట్లండ్ కిక్కర్ గావిన్ హేస్టింగ్స్ పేరెత్తింది. 1991 ప్రపంచ కప్ సెమీఫైనల్ మర్రేఫీల్డ్‌లో ఇంగ్లండ్‌తో. స్కోరు 6-6. పోస్టుల ముందు, చిన్నపిల్లలు కూడా కొట్టగల పెనాల్టీ. హేస్టింగ్స్ తప్పించాడు. ఇంగ్లండ్ 9-6తో ఫైనల్‌కి వెళ్లింది. "అప్పుడు నాకు పదేళ్లు. ఇల్లంతా ఏడ్చింది. కానీ నాలుగేళ్ల తర్వాత పారిస్‌లో ఏమైంది?" అని తనే చెప్పింది. 1995లో ఫ్రాన్స్ ముందంజలో ఉండగా ఆఖరి నిమిషాల్లో గ్రెగర్ టౌన్‌సెండ్ అందించిన పాస్‌ని హేస్టింగ్స్ అందుకుని, పరుగెత్తి, పోస్టుల కింద ట్రై చేశాడు. తన ట్రైని తనే కన్వర్ట్ చేశాడు. స్కాట్లండ్ 23-21. పారిస్‌లో 1969 తర్వాత మొదటి గెలుపు. ఆ పాస్ ఇచ్చిన టౌన్‌సెండే ఇవాళ జట్టు కోచ్. తప్పించినవాడికి మళ్లీ బంతి ఇచ్చిన దేశం కాబట్టే ఆ రెండో రోజు వచ్చింది అన్నది ఆమె వాదన.

గ్లాస్గో యువకుడు మాత్రం క్రిస్ ప్యాటర్సన్‌ని కొలబద్దగా పెట్టాడు. స్కాట్లండ్ తరఫున అందరికన్నా ఎక్కువగా 809 పాయింట్లు చేసిన మనిషి. 2007 ప్రపంచ కప్ మొత్తంలో గోల్ మీదికి కొట్టిన ఒక్క కిక్కూ తప్పించలేదు. ఆ వరుస తర్వాతి ఏడాదిలోకి నడిచి 36 దగ్గర ఆగింది. "అలాంటివాడు ఉన్న జట్టు ఆట నేను చిన్నప్పుడు చూశాను. అందుకే నాకు ఓపిక తక్కువ," అన్నాడు.

యార్క్ దగ్గర టీచరమ్మ నన్ను ఏ దేశమని అడిగింది. ఇండియా అనగానే కళ్లు పెద్దవి చేసి, "అయితే రేపటి కప్పు మీ వెండితో చేసిందే," అంది. ఈ రెండు జట్ల మధ్య పందెంలో ఉండేది కలకత్తా కప్పు. 1872 క్రిస్మస్ రోజున కలకత్తాలో తెల్లవాళ్లు ఇంగ్లండ్ ఒక పక్క, స్కాట్లండ్, ఐర్లండ్, వేల్స్ వాళ్లు కలిసి ఒక పక్కగా రగ్బీ ఆడారు. ఆ ఊపులో మరుసటి ఏడాది కలకత్తా ఫుట్‌బాల్ క్లబ్బు పెట్టారు. ఆ ఎండల్లో ఆట నిలవలేదు, సభ్యులు తగ్గిపోయారు. 1878లో క్లబ్బు మూసేసి, బ్యాంకులో మిగిలిన వెండి రూపాయలన్నీ తెచ్చి కరిగించి కప్పు చేయించారు. లండన్‌లోని రగ్బీ యూనియన్‌కి ఇచ్చేశారు. 1879 నుంచి ఇంగ్లండ్, స్కాట్లండ్ దాని కోసం ఆడుతున్నాయి. మూడు పిడులూ పడగ విప్పిన నాగుపాములు, మూత మీద ఏనుగు. చేసిన చేతులు మన కంసాలివి. ఆ క్లబ్బు పాలకులది, మనవాళ్లకి అందులో చోటు లేదు. అయినా ఆ పాముల వంపు, ఆ ఏనుగు నిలబడ్డ తీరు చూస్తే ఆ పనివాళ్ల పేర్లు ఎక్కడా రాసి పెట్టలేదే అని మనసు కలుక్కుమంటుంది.

ఆ కప్పు 2021 నుంచి అప్పటిదాకా వరసగా నాలుగేళ్లు స్కాట్లండ్ దగ్గరే ఉంది. ఐదోసారీ గెలిస్తే దేశ చరిత్రలో ముందెన్నడూ లేనిది. కానీ ట్వికెన్‌హామ్ మామూలు చోటు కాదు. 1910లో అక్కడ అంతర్జాతీయ ఆటలు మొదలయ్యాక స్కాట్లండ్ గెలిచింది ఆరుసార్లే: 1926, 1938, 1971, 1983, 2021, 2023. అందులో 2021 గెలుపు కోవిడ్ వల్ల ఖాళీ మైదానంలో జరిగింది. అంటే 1983 తర్వాత స్కాట్లండ్ అభిమానులు అక్కడ కూర్చుని గెలుపు కళ్లారా చూసింది 2023లో ఒక్కసారే. పెద్దాయన ఆ రెండు ఆటలకీ వెళ్లాడు. మాట్లాడేటప్పుడు ఆయన గొంతులో ధీమా ఎందుకు లేదో, ఆశ ఎందుకు పోలేదో నాకు అప్పుడర్థమైంది.

మర్నాడు మధ్యాహ్నం వాటర్లూ నుంచి లోకల్ రైల్లో ట్వికెన్‌హామ్ చేరాం. స్టేషన్ నుంచి మైదానానికి జనం నదిలా కాకుండా బృందాలు బృందాలుగా, నింపాదిగా నడుస్తారు. తెల్ల చొక్కాలు, నీలం చొక్కాలు ఒకే వరుసలో. రెండు జట్ల అభిమానులకి వేరు గేట్లు, వేరు స్టాండ్లు, మధ్యలో పోలీసులు లేరు. ఎనభై రెండు వేలమంది పట్టే ఈ చోటు మైదానం కట్టకముందు క్యాబేజీ తోట. ఆ పేరుతోనే స్టేషన్ దగ్గర పబ్బు ఒకటి ఇప్పటికీ నడుస్తోంది. దాని ముందు కూడా అదే చర్చ, ఎవరు కొడతారు?

ఆట స్కాట్లండ్‌ది లాగే మొదలైంది. తొలి నిమిషాల్లోనే బెన్ వైట్ ట్రై. రస్సెల్ కన్వర్షన్ తప్పింది. టామీ ఫ్రీమన్ ట్రై చేస్తే మార్కస్ స్మిత్ కన్వర్షన్ కొట్టాడు. తర్వాత హ్యూ జోన్స్ ట్రై. రస్సెల్ కిక్కు మళ్లీ తప్పింది. విరామానికి 10-7తో స్కాట్లండ్ ముందుంది. మా పక్కన కూర్చున్న ఇంగ్లండ్ ముసలాయన "నాలుగు పాయింట్లు పోగొట్టుకున్నారు, చివర్లో గుర్తొస్తాయి," అన్నాడు. రెండో సగంలో మార్కస్ స్మిత్ రెండు పెనాల్టీలు కొట్టాడు. చాలా దూరం నుంచి ఫిన్ స్మిత్ మరొకటి కొట్టాడు. గాలాషీల్స్ తాత మనవడు. ఇంగ్లండ్ 16-10.

79వ నిమిషం. బంతి చేతులు మారి మారి డుహాన్ వాన్ డెర్ మెర్వేకి చేరింది. ఇంగ్లండ్ మీద ఆడితే చాలు ట్రై చేయడం అతనికి అలవాటు. చేశాడు. 16-15. ఇప్పుడు కన్వర్షన్ పడితే 17-16, ఐదో కప్పు. పోస్టులకి ఎదురుగా కాదు, పక్కనుంచి కొట్టాల్సిన కిక్కు. రస్సెల్ బంతి నిలబెట్టాడు. మా మేనల్లుడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఐర్లండ్‌లో థామండ్ పార్క్ మైదానంలో ప్రత్యర్థి కిక్కర్ కోసం కూడా ప్రేక్షకులు ఊపిరి బిగబట్టి నిశ్శబ్దంగా ఉంటారట. ఇక్కడ కేకలు ఆగలేదు. రస్సెల్ కొట్టాడు. బంతి పోస్టుల పక్కనుంచి పోయింది. ఇంగ్లండ్ 16, స్కాట్లండ్ 15. మూడు ట్రైలు చేసిన జట్టు ఒక్క ట్రై చేసిన జట్టు చేతిలో ఓడింది. 1971లో పీటర్ బ్రౌన్ కిక్కు తెచ్చిన అదే స్కోరు, తిరగబడి.

ముందే అనుకున్నట్టు స్టేషన్ దారిలో మా రైలు మిత్రులు కలిశారు. గ్లాస్గో యువకుడి కళ్లు ఎర్రగా ఉన్నాయి. "మూడింటిలో ఒక్కటి పడినా చాలు కదా," అన్నాడు. పడి ఉంటే 17. లెక్క ప్రకారం ఆ మాటకి తిరుగులేదు. పెద్దాయన అతని భుజం మీద చెయ్యి వేశాడు. "ఆరు పాయింట్లు కాలితో పోయాయి, నిజమే. రెండో సగంలో 79వ నిమిషం దాకా మనకి ఒక్క పాయింటూ రాలేదు, అదీ నిజమే. అది పదిహేను మంది లెక్క. మొదటిది మాత్రం చెప్పి రెండోది మరిచిపోతే ఆట చూసినట్టు కాదు. వచ్చే ఆటకి ఎవరు కొట్టాలని అడిగితే రస్సెల్ అనే చెప్తాను," అన్నాడు.

నేను ఆయన పక్షమే. గోల్ కిక్కర్‌ని ఆఖరి కిక్కుతో తూచడం అన్యాయం. అతను తప్పించేది అందరికీ కనిపిస్తుంది. అతనిదాకా ఆట రాకముందు మిగతావాళ్లు చేజార్చినవి ఎవరి పేరు మీదా పడవు. మన దగ్గరా ఇంతే, చివరి ఓవర్లో అవుటైనవాడి ఇంటిమీద రాళ్లు వేసిన రోజులు మనకి తెలుసు. ట్వికెన్‌హామ్ దారిలో నేను విన్న చర్చ అందుకే విలువైనది. వాళ్లు ఆటకి ముందు నిర్దాక్షిణ్యంగా వాదించుకున్నారు. ఆట తర్వాత ఎవరి పరువూ తీయలేదు. అభిమానం అంటే ఈ రెండూ తెలిసి ఉండటం.

రెండు వారాల తర్వాత, మార్చి 8న మర్రేఫీల్డ్‌లో స్కాట్లండ్ వేల్స్‌తో ఆడింది. కిక్కులు రస్సెల్‌కే ఇచ్చారు. స్కాట్లండ్ ఐదు ట్రైలు చేసింది. ఐదు కన్వర్షన్లూ రస్సెల్ కొట్టాడు. 35-29తో స్కాట్లండ్ గెలిచింది.